కత్తి వెంట కలం: శస్త్రచికిత్సా రికార్డుల చరిత్రలో హైదరాబాదు అధ్యాయం

"ఏట్లో వేసినా ఎంచి వేయాలి" అని తెలుగువారి సామెత. పారవేసేదానికైనా లెక్క ఉండాలని చెప్పే ఈ మాట ఒకనాటి కరణాల కవిలెలకు ఎంత వర్తించేదో, ఆసుపత్రిలోని ఆపరేషన్ థియేటర్‌కు అంతకంటే ఎక్కువగా వర్తిస్తుంది. కుట్లు వేయడానికి ముందు లోపల ఉంచిన గాజుగుడ్డలెన్ని, బయటికి తీసినవెన్ని అని నర్సు ఎంచి చెబుతుంది. ఆ సంఖ్య కాగితం మీదికి ఎక్కుతుంది. రెండు అంకెలూ సరిపోతేనే కుట్టు పడుతుంది. అంతటి పెద్ద వైద్యానికి ఇది చాలా చిన్న పని. అయినా ఒక ప్రాణం దానిమీద ఆధారపడి ఉంటుంది.

శస్త్రచికిత్సకూ ఇతర వైద్యాలకూ ఒక ముఖ్యమైన భేదం ఉంది. మందు మింగిన రోగి తాను ఏం మింగాడో, ఎప్పుడు మింగాడో చెప్పగలడు. కత్తి కింద ఉన్న రోగి మత్తులో ఉంటాడు. తన దేహంలో ఏది కోశారో, ఏది తీశారో, ఏది అమర్చారో అతనికి తెలియదు. బంధువులు తలుపు బయట ఉంటారు. వైద్యుడు మరునాటికి మరో పది మందిని చూడవలసి ఉంటుంది. అందువల్ల జరిగినదానికి మిగిలే సాక్షి రికార్డు ఒక్కటే. ఆ సాక్ష్యం మంచిదైతే తర్వాతి వైద్యునికి దారి కనిపిస్తుంది. చెడ్డదైతే రోగి మళ్లీ చీకటిలోనే మిగిలిపోతాడు. ఈ సాక్ష్యాన్ని మనుషులు ఎలా నేర్చుకున్నారన్నది వైద్యచరిత్రలో అంతగా చెప్పుకోని కథ. అందులో ఒక ముఖ్యమైన అధ్యాయం మూసీ ఒడ్డున జరిగింది.

విధి, వృత్తాంతం

ప్రాచీన భారతీయ శస్త్రవైద్యానికి సుశ్రుతసంహిత మూలగ్రంథం. 101 యంత్రాలనూ, 20 శస్త్రాలనూ పేర్కొని, తెగిన ముక్కును తిరిగి కట్టే పద్ధతిని సైతం చెప్పిన గ్రంథమది. కాని అది విధిని బోధించే శాస్త్రం. ఏ రోగికి, ఏ రోజున, ఎవరు చేశారు, ఫలితమేమైంది అనే వృత్తాంతం అందులో ఉండదు. ఈజిప్టులో దొరికిన, క్రీ.పూ. 1600 ప్రాంతానికి చెందిన ఎడ్విన్ స్మిత్ పపైరస్ కొంత భిన్నమైనది. అందులో గాయాలకు సంబంధించిన 48 ఉదంతాలు వరుసగా ఉన్నాయి. పరీక్షలో కనిపించినది, నిర్ణయించిన వ్యాధి, చికిత్స చేయదగినదా కాదా అన్న తీర్పు, ఇలా ఒక క్రమం కనిపిస్తుంది. చేతకానిదాన్ని చేతకాదని రాసిపెట్టడం దానిలోని గొప్పతనం.

విధి ఉండి వృత్తాంతం లేకపోతే ఏమవుతుందో మన దేశపు ఉదాహరణ ఒకటి తేటగా చూపుతుంది. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధంలో ఆంగ్ల సైన్యం వద్ద ఎడ్లు తోలే కావస్‌జీ అనే వ్యక్తి పట్టుబడి, ముక్కునూ చేతినీ పోగొట్టుకున్నాడు. ఏడాది తర్వాత పూనా సమీపంలో ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వ్యక్తి, నుదుటి చర్మాన్ని దించి అతనికి కొత్త ముక్కు కట్టాడు. ఆ క్రమాన్ని వివరించే లేఖ చిత్రంతో సహా 1794 అక్టోబరులో లండన్‌లోని 'జెంటిల్‌మన్స్ మ్యాగజైన్'లో అచ్చయింది. దాని ప్రేరణతో జోసెఫ్ కార్‌ప్యూ అనే సర్జన్ 1814లో ఇంగ్లండులో ఆ చికిత్స చేసి, 1816లో గ్రంథంగా ప్రకటించాడు. ఆధునిక ప్లాస్టిక్ సర్జరీ చరిత్రలు అక్కడినుంచే మొదలవుతాయి. రోగి పేరు ఆ లేఖలో ఉంది. ముక్కు కట్టినవాని పేరు మాత్రం లేదు. తరతరాల విద్య ఒక బాటసారి కలం పుణ్యాన లోకానికి తెలిసింది. ఆ విద్య చేతిలో ఉన్నవాడు పేరు లేనివాడుగా మిగిలిపోయాడు.

దీనికి భిన్నమైన దృశ్యం కొద్దికాలానికే తంజావూరులో కనిపిస్తుంది. 1798 నుంచి 1832 వరకు పాలించిన మరాఠా రాజు రెండవ శరభోజి వైద్యంలో, ముఖ్యంగా నేత్రవైద్యంలో ఆసక్తి గలవాడు. కంటి రోగుల వివరాలను కేస్ షీట్లుగా రాయించి, వాటికి కంటి చిత్రాలను జతచేయించాడు. తెలుగు తాళపత్రాలకు కూడా నిలయమైన తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో అవి నేటికీ భద్రంగా ఉన్నాయి. ఆ రోగులు ఎవరు, వారి చూపు ఎలా ఉండేది అన్నది రెండు వందల ఏళ్ల తర్వాత కూడా మనం చదివి తెలుసుకోగలుగుతున్నాం.

మత్తుమందు తెచ్చిన ప్రశ్న

1846లో బోస్టన్ నగరంలో ఈథర్, మరుసటి ఏట ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ ద్వారా క్లోరోఫారం ప్రచారంలోకి వచ్చాయి. నొప్పి లేని శస్త్రచికిత్స సాధ్యమైంది. దానితోపాటు కొత్త భయం ఒకటి పుట్టింది. 1848 జనవరి 28న ఇంగ్లండులోని న్యూకాసిల్ సమీపంలో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలిక కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చి, కొద్ది నిమిషాల్లో మరణించింది. ప్రాణాపాయం ఏమాత్రం లేని చిన్న చికిత్సకు వచ్చిన బాలిక ఎందుకు చనిపోయింది? ఊపిరి ఆగినందువల్లనా, గుండె ఆగినందువల్లనా?

ఈ ప్రశ్నకు రికార్డు ద్వారా సమాధానం వెదకిన మొదటి వ్యక్తి జాన్ స్నో. లండన్ కలరాకు నీటితో సంబంధాన్ని చూపినవాడుగా లోకం ఆయనను ఎరుగును. వృత్తిరీత్యా ఆయన మత్తు ఇచ్చే వైద్యుడు. 1848 నుంచి 1858లో మరణించేవరకు తాను మత్తు ఇచ్చిన ప్రతి రోగి వివరాన్నీ స్వయంగా పుస్తకాల్లో రాసుకున్నాడు. 1853లో విక్టోరియా రాణి ప్రసవానికి క్లోరోఫారం ఇచ్చిన సంగతి కూడా వాటిలో మిగిలిన రోగుల సరసనే ఒక నమోదుగా ఉంది. ఆయన మరణానంతరం వెలువడిన గ్రంథంలో క్లోరోఫారం మరణాలు 50 క్రోడీకరించి ఉన్నాయి. బతికినవారిని మాత్రమే లెక్కపెట్టే అలవాటు నుంచి పోయినవారిని కూడా లెక్కపెట్టే క్రమశిక్షణకు వైద్యం అలా అడుగుపెట్టింది.

అదే కాలంలో ఫ్లారెన్స్ నైటింగేల్ ఆసుపత్రుల లెక్కలన్నీ ఒకే నమూనాలో ఉండాలని పట్టుబట్టింది. 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ ముందుకు ఏకరీతి ఆసుపత్రి పట్టికల ప్రతిపాదన వెళ్లింది. 1863 నాటి ఆమె గ్రంథంలో శస్త్రచికిత్సలకు ప్రత్యేక పట్టిక చోటుచేసుకుంది. ఆమె వాదన సులభమైనది. ఒక ఆసుపత్రి లెక్క మరో ఆసుపత్రి లెక్కతో పోల్చడానికి వీల్లేనంతకాలం ఏది మంచిదో, ఏది చెడ్డదో ఎవరూ చెప్పలేరు.

అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి

ఈ నేపథ్యంలో హైదరాబాదు రంగంమీదికి వచ్చింది. 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చిన ఎడ్వర్డ్ లారీ, హైదరాబాదు మెడికల్ స్కూలుకు ప్రిన్సిపాలుగా కూడా పనిచేశాడు. 1846లో స్థాపితమైన ఆ పాఠశాల విద్యార్థులకు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి అభ్యాసక్షేత్రం. ఎడిన్‌బరో సర్జన్ జేమ్స్ సైమ్ బోధనలో లారీకి అచంచలమైన విశ్వాసం. క్లోరోఫారం ఇచ్చేవాడు రోగి ఊపిరిని మాత్రమే గమనించాలి, నాడి చూడనక్కరలేదు, ఊపిరి సరిగా ఉంటే గుండెకు ప్రమాదం లేదు అన్నది ఆ బోధన సారాంశం. తన పద్ధతిలో వేలాదిమందికి క్లోరోఫారం ఇచ్చినా మరణం సంభవించలేదని లారీ చెప్పేవాడు.

లారీ మాట మీద మాత్రమే లోకం నమ్మలేదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ఆదరణతో 1888లో మొదటి క్లోరోఫారం కమిషన్ ఏర్పడి, జంతువుల మీద ప్రయోగాలు చేసి, లారీ అభిప్రాయాన్నే బలపరిచింది. లండన్ వైద్యపత్రిక 'లాన్సెట్' ఆ ఫలితాలను సందేహించింది. అప్పుడు నిజాం ప్రభుత్వం అరుదైన పని చేసింది. సందేహించినవారినే పిలిపించింది. లాన్సెట్ తరఫున ఒక నిపుణుణ్ణి పంపవలసిందిగా కోరుతూ వెయ్యి పౌండ్లు సమకూర్చింది. గుండె మందుల మీద ఐరోపాలో పేరుపొందిన లాడర్ బ్రంటన్ 1889లో హైదరాబాదు వచ్చాడు. లారీ, బ్రంటన్, బామ్‌ఫర్డ్, రుస్తుంజీ సభ్యులుగా రెండవ కమిషన్ పనిచేసింది. దేశంలో తొలితరం మహిళా వైద్యులలో ఒకరై, మత్తు ఇవ్వడంలో ప్రత్యేకత సంపాదించిన రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఇదే పాఠశాల విద్యార్థిని.

ఆ ఏడాది డిసెంబరులో బ్రంటన్ లండన్‌కు పంపిన తంతి వైద్యచరిత్రలో ప్రసిద్ధమైనది. కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి 490 జంతువుల మీద ప్రయోగాలు జరిగాయనీ, వాటిలో 120 ప్రయోగాల్లో రక్తపీడనాన్ని పరికరంతో కొలిచారనీ, రికార్డులన్నింటినీ ఫోటో తీశారనీ అందులో ఉంది. అపాయం ఊపిరాడకపోవడం వల్ల, మోతాదు మించడం వల్ల కలుగుతుందే తప్ప గుండె మీద నేరుగా కాదని నిర్ధారణ ప్రకటించింది. అంతకుముందు గుండెకు ప్రమాదముందని భావించిన బ్రంటన్, హైదరాబాదులో తన కళ్లతో చూసినదాన్నిబట్టి అభిప్రాయం మార్చుకున్నాడు. నివేదిక 1890లో లాన్సెట్‌లో, 1891లో బొంబాయి నుంచి గ్రంథంగా వెలువడింది.

రికార్డు నిజం, తీర్పు తప్పు

ఈ కథలో అసలు పాఠం ఇక్కడే ఉంది. కమిషన్ నిర్ధారణ చివరికి నిలవలేదు. కేంబ్రిడ్జికి చెందిన గాస్కెల్, షోర్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞులు 1893లో వేరే ప్రయోగాలు చేసి, క్లోరోఫారం గుండె మీద ప్రత్యక్షంగా పనిచేస్తుందని వాదించారు. 1911లో గుడ్‌మన్ లెవీ, మత్తు గాఢంగా ఉన్నప్పుడు కంటే తేలికగా ఉన్నప్పుడే, అడ్రినలిన్ తోడైతే, గుండె లయ తప్పి కొట్టుకుని అకస్మాత్తుగా ఆగిపోగలదని పిల్లుల మీది ప్రయోగాలతో నిరూపించాడు. హానా గ్రీనర్ వంటి, భయంతో బల్ల ఎక్కి తొలి శ్వాసల్లోనే పోయిన రోగుల సంగతి అప్పుడు అర్థమైంది.

అంత శ్రమపడి, అన్ని గీతలు గీసి, ఫోటోలు తీసిన కమిషన్ ఎందుకు పొరబడింది? వారి రికార్డు అబద్ధం కాదు. వారు చూసినది నిజంగానే రాశారు. అయితే వారు అడిగిన ప్రశ్నకు మాత్రమే రికార్డు జవాబు చెప్పింది. ప్రయోగాలు ఎక్కువగా మత్తు మోతాదు మించినప్పుడు ఏది ముందు ఆగుతుందన్న ప్రశ్న చుట్టూ తిరిగాయి. తేలికపాటి మత్తులో, భయపడిన రోగిలో అరుదుగా జరిగే ఉపద్రవం ఆ వలలో పడలేదు. వేలాది చికిత్సల్లో మరణం లేదన్న లారీ మాటలోనూ ఇదే లోపం ఉంది. ఊపిరిని మాత్రమే చూడమని, నాడిని చూడవద్దని నేర్పిన చోట నాడి కథ కాగితం మీదికి రాదు. చూడనిది రాయరు. రాయనిది లేదనుకుంటారు.

అయినా హైదరాబాదు కమిషన్‌ను చిన్నచూపు చూడటం న్యాయం కాదు. తన రికార్డులను ఫోటోలతో, అచ్చుతో లోకం ముందు పరిచినందువల్లనే ఇతరులు వాటిని చదివి, కాదనగలిగారు. దాచిన రికార్డును ఎవరూ సరిదిద్దలేరు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని తుడిచిపెట్టింది. ఆవరణలోని చింతచెట్టు ఎక్కినవారు ప్రాణాలు దక్కించుకున్నారని నగరం నేటికీ చెప్పుకుంటుంది. తర్వాత ఆ ప్రాంతంలోనే ఉస్మానియా ఆసుపత్రి వెలిసింది. భవనం ఏటి పాలైనా, అచ్చైన ఆ లెక్క మాత్రం గ్రంథాలయాల్లో నిలిచింది.

ఫలితాన్ని రాసిన పిచ్చివాడు

19వ శతాబ్ది చివర అమెరికాలో ఇద్దరు వైద్యవిద్యార్థులు ఈ విషయాన్ని మరో మెట్టు ఎక్కించారు. తాను ఈథర్ ఇస్తుండగా ఒక రోగి మరణించడం చూసి కలతచెందిన హార్వే కుషింగ్, మిత్రుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్‌తో కలిసి, 1894-95లో మత్తు సమయమంతా నాడి, ఊపిరి వేగాలను నిమిషాలవారీగా కాగితం మీద గుర్తించే చార్టు రూపొందించాడు. 1901లో ఇటలీలో చూసివచ్చిన రక్తపీడన పరికరంతో ఆ అంశం కూడా అందులో చేరింది. ఊపిరి చూడాలా, నాడి చూడాలా అన్న పాత తగాదాకు ఆ చార్టు సమాధానం చెప్పింది. రెండూ చూడాలి, రెండూ రాయాలి.

కుషింగ్ మెదడు శస్త్రచికిత్సకు ఆద్యుడుగా కీర్తి పొందాడు. కాడ్‌మన్ మార్గం ముళ్లబాట అయింది. ప్రతి రోగినీ ఏడాది తర్వాత కూడా పరిశీలించి, చికిత్స ఫలించిందా, ఫలించకపోతే తప్పెక్కడ అని రాయాలని ఆయన వాదించాడు. పెద్ద ఆసుపత్రి ఆ మాట వినకపోతే 1914లో ఉద్యోగం వదులుకున్నాడు. తన చిన్న ఆసుపత్రి నుంచి 1911-16 మధ్య ఇంటికి వెళ్లిన 337 మంది రోగుల వివరాలనూ, వారి చికిత్సలో తాను గుర్తించిన 123 పొరపాట్లనూ స్వయంగా అచ్చువేసి ప్రకటించాడు. తోటి వైద్యులు ఆయనను వెలివేసినంత పనిచేశారు. 1940లో మరణించినప్పుడు సమాధి మీద పేరైనా లేదు.

కాని ఆయన ఆలోచన బతికింది. అమెరికన్ సర్జన్ల కళాశాల నూరు పడకలు దాటిన 692 ఆసుపత్రులను తనిఖీ చేస్తే, కనీస ప్రమాణాలను అందుకున్నవి 89 మాత్రమే. ప్రతి రోగికీ సంపూర్ణమైన రికార్డు ఉండటం ఆ ప్రమాణాలలో ఒకటి. పేరుమోసిన ఆసుపత్రులు తప్పాయని బయటపడితే అప్రతిష్ఠ అని, 1919లో న్యూయార్కులో సమావేశమైన హోటలు కొలిమిలోనే ఆ జాబితాను కాల్చివేశారు. ఏట్లో వేసినా ఎంచి వేయాలన్నది మన సామెత. వారు ఎంచి, ఆ లెక్కనే అగ్నిలో వేశారు. అయినా ప్రమాణాలు నిలిచాయి. ఏడాదికేడాది ఉత్తీర్ణమైన ఆసుపత్రుల సంఖ్య పెరిగింది.

నేటి కర్తవ్యం

మంచి ఆపరేషన్ నోటులో ఏముండాలో నేడు వివాదం లేదు. తేదీ, సమయం, అత్యవసరమా కాదా, సర్జన్, సహాయకులు, మత్తువైద్యుల పేర్లు, కోత పెట్టిన చోటు, లోపల కనిపించిన స్థితి, చేసిన పని, ఎదురైన చిక్కులు, తీసిన భాగం, అమర్చిన పరికరం క్రమసంఖ్య, పోయిన రక్తం, తర్వాత చేయవలసినది, సంతకం. వీటిలో ఏ ఒక్కటీ అలంకారం కాదు. 2010లో ఒకరకం లోహపు తుంటికీళ్లను తయారీదారు ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నప్పుడు, ఎవరి ఒంట్లో ఏ కీలు ఉందో క్రమసంఖ్య రాసిన ఆసుపత్రులే చెప్పగలిగాయి.

మన దేశంలో 2002 నాటి వైద్యవృత్తి నిబంధనలు ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను మూడేళ్లు భద్రపరచాలనీ, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలనీ విధించాయి. పరీక్ష కోసం తీసుకున్న సమ్మతి దానికి మించిన శస్త్రచికిత్సకు చెల్లదని 2008లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలు 2013లో వెలువడి 2016లో సవరణ పొందాయి. 2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశవ్యాప్తమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం, పేదల శస్త్రచికిత్సల వివరాలను ముందస్తు అనుమతి కోసం కంప్యూటర్‌కు ఎక్కించే అలవాటును ఆసుపత్రులకు నేర్పింది.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. చెల్లింపు కోసం రాసే రికార్డు చెల్లింపుకు కావలసిన ప్రశ్నలకే జవాబు చెబుతుంది. కోర్టుకు భయపడి రాసే రికార్డు కోర్టు అడిగేదానికే జవాబు చెబుతుంది. రోగికి ఆ తర్వాత ఏమైందన్న కాడ్‌మన్ ప్రశ్న ఈ రెంటి మధ్య జారిపోయే ప్రమాదముంది. లారీ ఊపిరిని మాత్రమే చూసినట్లు, మనం బిల్లును మాత్రమే చూడరాదు.

రాయడం వల్ల ప్రాణాలు దక్కుతాయనడానికి ఆధారం లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2008లో ప్రకటించిన శస్త్రచికిత్సా భద్రతా పట్టికను న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో పరీక్షించారు. మత్తుకు ముందు, కోతకు ముందు, రోగి థియేటర్ వదిలేముందు కొన్ని ప్రశ్నలు పైకి చదివి, గుర్తుపెట్టడమే ఆ పని. 2009లో వెలువడిన ఫలితాల ప్రకారం మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, ఉపద్రవాలు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. ఈ సంగతి తెలిసింది కూడా పట్టికకు ముందూ వెనుకా ఫలితాలను రాసిపెట్టినందువల్లనే.

చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. నోటు ఆనాడే, రోగి థియేటర్ దాటేలోపే రాయాలి. ఖాళీ కాగితం బదులు అంశాలు అచ్చువేసిన నమూనా ఉండాలి. సమ్మతి పత్రం రోగి చదువుకోగల భాషలో, తెలుగువారికి తెలుగులో ఉండాలి. వెళ్లేటప్పుడు ఒక ప్రతి అతని చేతికి అందాలి. నెలకొకసారి సీనియర్లు, జూనియర్లు, నర్సులు కలిసి కూర్చుని, పోయిన రోగుల నోట్లను చదువుకోవాలి. ఆ చదువు శిక్షకు కాక నేర్చుకోవడానికి అయినప్పుడే నిజం కాగితం మీదికి వస్తుంది. శిక్ష ఖాయమనుకున్నవాడు రాయవలసిన మాటను మనసులోనే దాచుకుంటాడు. రికార్డు గదికి చెదలు పట్టని అలమరలూ, దాన్ని చూసుకునే శిక్షితుడైన ఉద్యోగీ అంతే ముఖ్యం.

పూనా దగ్గర ముక్కు కట్టినవాని పేరు మనకు దక్కలేదు. తంజావూరు రోగుల కళ్లు మాత్రం కాగితం మీద ఇంకా మనవైపు చూస్తున్నాయి. ఈ రెంటి మధ్య తేడా నైపుణ్యంలో లేదు, రాసిపెట్టడంలో ఉంది. రేపు ఏదో జిల్లా ఆసుపత్రిలో అర్ధరాత్రి రెండోసారి బల్ల ఎక్కవలసివచ్చిన ఒక రైతుకూలీ కేస్ షీట్ తెరిచే యువ సర్జన్‌కు, మొదటిసారి ఏం జరిగిందో నాలుగు స్పష్టమైన వాక్యాలు కనిపిస్తే చాలు. ఆ నాలుగు వాక్యాల కోసమే ఇంత చరిత్ర జరిగింది.